యంత్రానికి యోగ్యతాపత్రం – మనిషికి సందిగ్ధం

ఆకాశంలో విమానాలు ఢీకొనకుండా కాపాడే యంత్రం టీకాస్. ఇది సమీపంలోని విమానాన్ని రేడియో తరంగాలతో ప్రశ్నిస్తుంది. అక్కడి ట్రాన్స్‌పాండర్ ఇచ్చే జవాబునుబట్టి దూరాన్నీ, ఎత్తునూ లెక్కకట్టి, ఒక వైమానికుణ్ణి ఎక్కమని, రెండవవానిని దిగమని హెచ్చరిస్తుంది.

1986లో అమెరికాలోని సెరిటోస్ పట్టణంపై రెండు విమానాలు ఢీకొని 82 మంది మరణించారు. మరుసటి ఏడు, 30కి మించి సీట్లున్న ప్రయాణికుల విమానాలకు టీకాస్ తప్పనిసరి అని అక్కడ శాసనమైనది. మన దేశంలోనూ 1996లో చర్ఖీ దాద్రీ వద్ద 349 మంది మరణించిన పిదపనే ఆ నిర్బంధం వచ్చింది. శాసనం మృతుల వెనుక నడవటం ఒక లోపం. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది.

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్‌పై ఢీకొన్న రెండు విమానాల్లోనూ టీకాస్ ఉన్నది, పనిచేసింది కూడా. రష్యా విమానాన్ని నేలమీది నియంత్రణాధికారి దిగమన్నాడు; యంత్రం ఎక్కమన్నది. వైమానికులు అధికారి మాట విన్నారు. ఎదుటి సరకుల విమానం యంత్రం మాట విని దిగింది. 71 మంది మరణించారు.

యంత్రానికి యోగ్యతాపత్రం ఉన్నది. కాని రెండు ఆజ్ఞలు పరస్పరం విరుద్ధమైతే దేనిని పాటించవలెనో నిబంధనలు నిస్సందేహంగా చెప్పలేదు. ఒకరు వినకపోతే రెండవవారి సూచనను తిరగవేయటంలోని లోపాన్ని సవరించిన 7.1 రకం, ఐరోపాలో పాత విమానాలకు తప్పనిసరి అయినది 2015 డిసెంబరులో. పదమూడేళ్ళ జాప్యం!

యంత్రాన్ని పరీక్షించినంత శ్రద్ధగా, దానిని నడిపే మనుష్యులకిచ్చే ఆజ్ఞలనూ పరీక్షించవలె.