సీమ కథలో కాపలావాడు ఎక్కడ?

ముఠా కక్షల మీద వచ్చిన కథలను గురించి, సినిమాలను గురించి మన విమర్శకులు చాలానే రాశారు. వస్తువు చూశారు, శిల్పం చూశారు, మాండలికం చూశారు. హత్య జరిగినప్పుడు ప్రభుత్వం ఎక్కడుందని మాత్రం అరుదుగా అడిగారు. ఆ ప్రశ్నను సూటిగా అడిగిన రచన నాకు ఒక కోర్టు తీర్పులో దొరికింది.

నంద్యాల, ఆళ్లగడ్డ వాసులకు కోవెలకుంట్ల పరాయి ఊరు కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కొల్లగొట్టింది అక్కడి ఖజానానే. ఆ ఊరి సబ్‌జైలులోకి 1977 మే 6 తెల్లవారుజామున కొందరు చొరబడి ఒక గదిలోకి బాంబులు విసిరారు. అందులో రిమాండు ఖైదీలుగా ఉన్నవారు తండ్రీ కొడుకులు. తండ్రి చల్లా చిన్నప్పరెడ్డి మరణించాడు. కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బతికాడు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని ముందే చెప్పుకున్నా పోలీసులు పట్టించుకోలేదని, కుటుంబం పది లక్షల పరిహారానికి దావా వేసింది.

ప్రభుత్వం ఇచ్చిన జవాబు చదవదగినది. జైలు నడపడం సార్వభౌమాధికారం కిందికి వస్తుందట, అందులో పొరపాటు జరిగినా పరిహారం అడగరాదట! ఈ వాదం బ్రిటిష్ పాలన నాటి ఆస్తి. 1861లో కలకత్తాలో ప్రభుత్వ ఓడరేవు పనివాళ్ల అజాగ్రత్తవల్ల ఒక గుర్రం గాయపడిన కేసులో ఈ విభజన పుట్టింది. గుర్రం యజమానులకు పరిహారం దక్కింది. స్వతంత్ర భారతంలో, 1964లో, కస్తూరిలాల్ కేసులో పోలీసుల చేతిలో పోయిన బంగారానికి మాత్రం సుప్రీంకోర్టు పరిహారం నిరాకరించింది.

కింది కోర్టు దావా కొట్టివేసింది. 1989లో హైకోర్టులో జస్టిస్ జీవన్‌రెడ్డి ఆ పాత గోడను పగులగొట్టాడు. జీవించే హక్కు ముందు సార్వభౌమాధికారపు సాకు నిలవదని చెప్పి 1,44,000 రూపాయలు ఇప్పించాడు. ప్రభుత్వం అప్పీలుకు పోయింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని అప్పీలును తోసిపుచ్చింది.

అంతకు ఏడాది ముందే 'సమరసింహారెడ్డి' వచ్చింది. ఆ వెనుక అలాంటి సినిమాలు వరుసకట్టాయి. మా పిల్లలకు వాటి సంభాషణలు కంఠస్థం. ఆ సినిమాల్లో చావుకు కారణం సీమ రక్తమో, వంశమో, పౌరుషమో. తీర్పులో కారణం తాళం, గోడ, కాపలా. సామాజిక వాస్తవికత ఇందులో దేనికుందో వేరే చెప్పాలా?

వాదులు పలుకుబడి గల భూస్వామ్య కుటుంబంవారు కదా, వారి గెలుపుతో మనకేం పని అని మిత్రులు అడగవచ్చు. పైగా 'ఆరు సారా కథలు' చదివి పెరిగినవాళ్లం. కోర్టును నమ్మమని రావిశాస్త్రి మనకు నేర్పలేదు. నిజమే. కాని పెద్దరెడ్డి కోసం చెప్పిన సూత్రం లాకప్పులో చచ్చే కూలివాడికీ వర్తిస్తుంది. ఒడిశాలో పోలీసు నిర్బంధంలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది, 1993లో లక్షన్నర పరిహారం పొందింది.

కోవెలకుంట్ల కేసు తేలడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. అన్నేళ్లు వకీళ్లకు ఫీజు కట్టగల ఇల్లు అది. కట్టలేని ఇంట్లో, రిమాండుకు పోయిన మొగుడు శవమై తిరిగొస్తే ఆ ఆడమనిషి ఎవరి గడప తొక్కాలి? సీమ కథకులు ఇక రాయవలసింది ఆమె కథ.