ఆగనక్కర్లేదు, నెమ్మదిగా వెళ్తే చాలు

యూరప్ ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్లకు షెంగెన్ అంటే పాస్‌పోర్టులో అంటించే వీసా. అసలు షెంగెన్ లక్సెంబర్గ్‌లో మొజెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల నడుమ ఉన్న చిన్న పల్లె. ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులు ఆ దేశంతో కలిసేది అక్కడే. 1985 జూన్ 14న ఆ నదిలో నిలిపిన ప్రిన్సెస్ మేరీ-ఆస్త్రిద్ అనే పడవ మీద ఐదు దేశాల ప్రతినిధులు ఒక ఒప్పందానికి సంతకాలు పెట్టారు. అప్పటి యూరోపియన్ సముదాయంలో సభ్యదేశాలు పది. ముందుకొచ్చినవి బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ మాత్రమే. తక్కినవాళ్ల కోసం ఆగిపోలేదు, అలాగని వాళ్లకు తలుపులూ మూయలేదు. అదెలా సాధ్యమైందో ఆ పత్రాల్లోని వాక్యాలే చెబుతాయి. ఒప్పందాలను రచనలుగా ఎవరూ చదవరు. దీన్ని మాత్రం అలా చదవాలి.

మొదటి పత్రంలో ఉన్నవి 33 అధికరణాలే. రెండో అధికరణం చూడండి. సరిహద్దులు చెరిపేస్తున్నామన్న పెద్ద మాట అందులో ఎక్కడా లేదు. సొంత కారు వేగం తగ్గించుకుని సరిహద్దు దాటుతుంటే పోలీసులు, కస్టమ్స్‌వాళ్లు కంటితో చూస్తారు, ఆపరు. అప్పుడప్పుడు ఏదో ఒక బండిని నిలిపి వివరంగా చూడవచ్చు. అదైనా వీలైనంతవరకు ప్రధాన రహదారికి పక్కన జరగాలి, వెనక వచ్చే బండ్లకు అడ్డం కాకూడదు. మూడో అధికరణం ఇంకా ముచ్చటైనది. సముదాయ దేశాల పౌరులు కారు ముందు అద్దానికి కనీసం ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసమున్న ఆకుపచ్చ బిళ్ల అంటించుకోవచ్చు. మా పత్రాలు సరిగ్గానే ఉన్నాయి, పరిమితికి మించిన సరుకేమీ లేదు అని ఆ బిళ్ల వాళ్ల తరఫున చెబుతుంది. సార్వభౌమత్వమంతటి బరువైన విషయాన్ని కారు అద్దం మీది బిళ్ల దాకా తెచ్చినవాళ్లకు పని తెలుసు. జూన్ 15 నుంచే, అంటే సంతకాల మర్నాటి నుంచే, ఇదంతా మొదలుకావాలని కూడా రాసుకున్నారు. కష్టమైన పనులన్నీ రెండో భాగంలోకి నెట్టి, వీలైతే 1990 జనవరి 1 నాటికి అన్నారు.

ఆ గడువు దాటిపోయింది. 142 అధికరణాల అమలు ఒప్పందం మీద సంతకాలు 1990 జూన్ 19న జరిగాయి. ఇక్కడ నాకు బాగా నచ్చినవి చివరి పేజీలు. సముదాయంలోని ఏ దేశమైనా తర్వాత వచ్చి చేరవచ్చని 140వ అధికరణం. రేపు అందరూ కలిసి ఇలాంటి ఒప్పందమే చేసుకుంటే దీన్ని మార్చుకోవడమో, పక్కన పెట్టడమో ఎలాగో మాట్లాడుకుందామని 142వది. తన బదులు మరొకటి వచ్చే రోజును రాతలోనే ఊహించుకున్న ఒప్పందమిది. దానికి జతచేసిన ప్రకటన మరో మెలిక పెట్టింది: బయటి సరిహద్దుల్లో తనిఖీ గట్టిపడేదాకా లోపలి తనిఖీలు ఎత్తేయకూడదు. అందుకే 1995 మార్చి 26న మొదలుపెట్టినవి ఏడు దేశాలే. 1990లోనే సంతకం పెట్టిన ఇటలీ వంతు 1997 చివర్లో గానీ రాలేదు. సంతకం ఒక రోజు, అమలు మరో రోజు అన్న ఈ ఎడమే లేకపోతే సిద్ధంగా లేని దేశాలు సంతకానికే వెనకాడేవి.

అసలు నేర్పు ఉత్తరాన కనిపిస్తుంది. నార్డిక్ దేశాల మధ్య పాస్‌పోర్టు తనిఖీలు 1950ల్లోనే పోయాయి. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లండ్ షెంగెన్‌లోకి వస్తే నార్వే సరిహద్దు మీద మళ్లీ కాపలా పెట్టాలి. నార్వే, ఐస్‌లండ్ యూరోపియన్ యూనియన్ సభ్యులే కావు. 1999 మే 18 ఒప్పందం ఈ ముడి విప్పింది. ఆ రెండు దేశాలూ చర్చల్లో కూర్చుంటాయి, ఓటు వేయవు. కొత్త నియమాన్ని కాదంటే, సంయుక్త కమిటీ వేరే దారి చూపకపోతే ఒప్పందం రద్దవుతుంది. డెన్మార్క్ చిక్కు వేరు. న్యాయ వ్యవహారాల్లో యూనియన్ పెత్తనం దానికి ఇష్టం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందంతో షెంగెన్ యూనియన్ చట్టంలో కలిసినప్పుడు దానికోసం ఒక ప్రొటోకాల్ రాశారు: కొత్త నియమం వచ్చాక ఆరు నెలల్లో ఒప్పుకుంటుందో లేదో డెన్మార్కే చెప్పాలి, ఒప్పుకుంటే అది అంతర్జాతీయ చట్టం కింద బాధ్యత అవుతుంది. నియమం ఒకటే, దాన్ని మోసే చట్టం వేరు. 2001 మార్చి 25న ఐదు నార్డిక్ దేశాలూ ఒకేసారి లోపలికొచ్చాయి. పాత నార్డిక్ బంధం తెగలేదు.

లోపాలు లేవనను. ఇదంతా ప్రభుత్వాలు మూసిన గదుల్లో అల్లుకున్నది, పార్లమెంట్లకు దక్కిన పాత్ర తక్కువ. ప్రమాదం ఉన్నప్పుడు కొద్దికాలం తనిఖీలు తిరిగి పెట్టుకోవచ్చన్న వెసులుబాటును 2015 తర్వాత కొన్ని దేశాలు పొడిగిస్తూనే వచ్చాయి. నాకు ఎక్కువ బాధ కలిగించేది రొమేనియా, బల్గేరియాల సంగతి. 2007లో యూనియన్‌లో చేరాయి, 2011కల్లా సాంకేతికంగా సిద్ధమని తేల్చారు. కానీ చివరి అనుమతికి లోపలున్న దేశాలన్నీ ఒప్పుకోవాలి. వేగం తగ్గించుకునే హక్కు వెనకున్నవాళ్లకు ఇచ్చిన పత్రం, వాళ్లను వెనకే ఉంచే శక్తి ముందున్నవాళ్లకూ ఇచ్చింది. చివరికి ఆ రెండు దేశాలతో విమాన, సముద్ర ప్రయాణాలకు 2024 మార్చి 31న, రోడ్డు, రైలు దారులకు 2025 జనవరి 1న తనిఖీలు తొలగాయి.

యూనియన్ సభ్యుల్లో ఇంకా బయటున్నవి సైప్రస్, ఐర్లండ్. సైప్రస్ చేరే ప్రయత్నంలో ఉంది. ఐర్లండ్ కావాలనే బయటుంది, అందుకే మనవాళ్లకు అక్కడికి వేరే వీసా. బ్రిటన్‌తో తనకున్న ఉమ్మడి ప్రయాణ ప్రాంతాన్ని కాపాడుకోవడం, తన ద్వీపం మధ్యనున్న సరిహద్దును తెరిచి ఉంచడం దానికి ముఖ్యం.