కబురు వేరు, కరెంటు వేరు

తీగ లేకుండా కరెంటు పంపడం గురించి మాటెత్తితే హామ్ రేడియో మిత్రులు మొదట అడిగేది ఒక్కటే: "పంపినదాంట్లో ఎంత చేరుతుంది?" మా అభిరుచి నేర్పిన లెక్క అది.

నా ట్రాన్స్‌మిటర్ నుంచి వంద వాట్లు వదులుతాను. ఎక్కడో దూరాన ఒకరు "మీ సిగ్నల్ ఎస్9" అంటే ఆ రోజు పండగే. షార్ట్‌వేవ్‌లో ఎస్9 అంటే రిసీవర్‌కు చేరేది 50 పికోవాట్లు. పంపినదాంట్లో రెండు లక్షల కోట్లలో ఒక వంతు! మాట స్పష్టంగా వినడానికి అది పుష్కలం. బల్బు వెలిగించడానికి ఏ మూలకూ రాదు. కబురు పంపేవాళ్లకు దారిలో పోయినదాని బెంగ లేదు. కరెంటు పంపేవాళ్లకు పోయిందంతా నష్టమే.

అలాగని అసాధ్యమనీ అనను. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో విలియం బ్రౌన్, రిచర్డ్ డికిన్సన్ 26 మీటర్ల డిష్‌తో మైక్రోవేవ్‌లను గురిపెట్టి, మైలు దూరంలో 30 కిలోవాట్లకు పైగా డీసీ కరెంటు రాబట్టారు. ఏంటెనాలు కట్టేవాళ్లకు అది చేతులెత్తి మొక్కాల్సిన పని. శక్తిని చెదరనివ్వకుండా ఒకే దిక్కుకు నడపడానికి అంత పెద్ద డిష్ కావలసి వచ్చింది.

ఇప్పుడు మన గుమ్మం ముందుకొస్తున్నది దగ్గరి రకం. నేలమీది కాయిల్ నుంచి కారు అడుగునున్న కాయిల్‌కు, జానెడు ఎడంలో కరెంటు దూకుతుంది. 85 కిలోహెర్ట్జ్ దగ్గర, 11 కిలోవాట్ల దాకా. సరిగ్గా అమరితే చాలా మటుకు చేరుతుంది. మా దిగులంతా చేరని ఆ కాస్త గురించే. ఛార్జర్‌లోని ఇన్వర్టర్ పుట్టించే హార్మోనిక్స్, అంటే ఆ 85 కిలోహెర్ట్జ్‌కు గుణిజాలు, పైపైకి పాకుతాయి. 85ను 83తో హెచ్చిస్తే 7,055 కిలోహెర్ట్జ్; అది మా 40 మీటర్ల బ్యాండు. ఆ 11 కిలోవాట్లలో లక్ష కోట్లలో ఒక వంతు ఆ రూపంలో నా ఏంటెనాలో పడినా, ఎస్9 సిగ్నల్‌కు రెండు వందల రెట్లకు పైగా రొద. కబురు మోయడానికి చాలినంత చిన్న వంతే కబురును ముంచడానికీ చాలు.

అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ 2019 ప్రపంచ రేడియో సదస్సులో మొరపెట్టుకున్నది దీని గురించే. ఇది సరదా చెడుతుందన్న ఏడుపు అనుకోవద్దు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హామ్ రేడియో కార్యక్రమం కోసం హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన దీవుల నుంచి అయినవాళ్ల క్షేమ సమాచారాలను షార్ట్‌వేవ్‌లోనే దాటించింది. అలాంటి రోజున అవతలి గొంతు బలహీనంగానే వస్తుంది. దాన్ని వినాలంటే బ్యాండు నిశ్శబ్దంగా ఉండాలి.

తీగలేని ఛార్జింగ్ రావాలనే కోరుకుంటాను. అయితే కారుకు ఎంత చేరిందో గొప్పగా చెప్పే తయారీదారు, బయటికి ఎంత కారిందో కూడా కొలిచి చూపాలి. ఆ రెండో అంకెకు గట్టి హద్దు పెట్టాకే ఆ యంత్రం మన వీధుల్లోకి రావాలి.