కొలత కన్నా కారణం

పులికాట్ సరస్సు పక్కనున్న దొరవారిసత్రంలో తెర మీది వంటవాళ్లను చేపల పులుసుతోనే పరీక్షించాలి. సంజయ్ తుమ్మ గొప్పా, మస్తానమ్మ గొప్పా? గుంటూరు జిల్లా గుడివాడలో కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మస్తానమ్మ కొలతలు చెప్పేవారు కాదు, ఆమె చెయ్యే కొలత. వీడియోల్లో ఆ చేతి ఒడుపు చూస్తుంటే కడుపు నిండుతుంది. 2007లో ‘వా రే వా’ వంటల వీడియోలు మొదలుపెట్టిన సంజయ్ తుమ్మ మాత్రం ఏ పని ఎందుకు చేయాలో విప్పి చెబుతారు. కొత్తవాళ్లకు గ్రాముల లెక్కే కావాలి కదా అంటారు కొందరు. నిజమే, కానీ చింతపండు పాతదైతే ఒక పులుపు, కొత్తదైతే మరొకటి. పులుసులో వేసే మామిడికాయ సంగతీ అంతే. ఎంత తూచి వేసినా రుచి చూసి సరిచేయక తప్పదు. చేప ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పమంటారు నెల్లూరువాళ్లు. ముక్క విరిగిపోతుందన్న కారణం తెలిస్తే, మెత్తని చేప దొరికిన రోజు ఇంకెంత జాగ్రత్త పడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మస్తానమ్మకు ఆ కారణాలన్నీ చేతుల్లోనే ఉండేవి. చూసేవాళ్లకు అవి మాటల్లో కావాలి. మస్తానమ్మ మీద ఎంత మక్కువున్నా, వంట నేర్చుకునేవాళ్లకు నేను ముందుగా చూడమనేది సంజయ్ తుమ్మనే.