దామన్‌జోడి తెల్లపొడి, దుర్భిణి అద్దం

పంచపట్‌మాలి కొండ మీద తవ్విన ఎర్రటి బాక్సైటు దామన్‌జోడిలోని నాల్కో కర్మాగారంలో తెల్లటి అల్యూమినా పొడి అవుతుంది. అది అంగుల్ చేరి అల్యూమినియంగా మారుతుంది. కొంత విశాఖ రేవులో ఓడెక్కుతుంది. రాయగడలో కూర్చుని దుర్భిణి అద్దాలు అరగదీసుకునే నాబోటివాడికి ఆ లోహం ఎంత కావాలి? ఆరంగుళాల అద్దానికి పూతగా నిలిచేది సుమారు ఐదు మిల్లీగ్రాములు. పూత మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు.

ఆ కాస్తా లేకపోతే పనంతా వృథా. గాజును కార్బొరండంతో నూరి, సీరియం ఆక్సైడుతో ఎంత మెరుగుపెట్టినా, అది తిప్పి పంపే వెలుతురు నూటికి నాలుగు పాళ్లే.

న్యూటన్ 1668లో చేసిన దుర్భిణికి గాజద్దం లేదు. రాగి, తగరం కలిపి పోతపోసిన లోహపు బిళ్లే అద్దం. రాగి ఒక్కటే అయితే నీలిరంగును మింగేస్తుంది. తగరం దాన్ని తెల్లబరుస్తుంది, మెరుగుకు లొంగేంత గట్టిపరుస్తుంది. అయినా కొత్తలో నూటికి 66 పాళ్లకు మించి వెనక్కి రాదు. పైగా వెలుతురు రెండు అద్దాల మీద పడాలి. అరవైఆరులో అరవైఆరు పాళ్లంటే మిగిలేది 44. అందుకే హెర్షెల్ 1789 నాటి నలభై అడుగుల దుర్భిణిలో రెండో అద్దాన్నే తీసిపారేసి, పెద్దద్దాన్ని కాస్త వంచి నేరుగా చూశాడు. గొప్ప పొదుపరి!

వెండి 95 పాళ్లు పంపుతుంది, కానీ గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. మా వానాకాలపు చెమ్మలో దాన్ని కాపాడటం నావల్ల కాదు. అల్యూమినియం పంపేది 88, 90 మధ్య. రెండు అద్దాలకు 77 పైచిలుకు. ఆవిరి చేసి పూసిన ఆ లోహం గాలి తగలగానే తనపై తానే సన్నని, గట్టి పొర కప్పుకుంటుంది. ఆ పొర కూడా అల్యూమినాయే, దామన్‌జోడి పొడి ఏ పదార్థమో అదే.

మిశ్రమలోహం గట్టిది కదా, పూతకు అదే వాడొచ్చుగా అని మిత్రులు అడుగుతారు. గట్టిదనం సంగతి గాజు చూసుకుంటుంది. పూతకు స్వచ్ఛమైన అల్యూమినియమే కావాలి. అందులో ఏది కలిసినా సాధారణంగా మెరుపు తగ్గుతుంది.

మీ ఇంట్లో దుర్భిణి ఉంటే ఒక్క మాట వినండి. దుమ్ము పడిందని తువ్వాలుతో తుడవకండి. దుమ్ము తినే వెలుతురు కొంచెమే, గీతల నష్టం శాశ్వతం.