వేగాన్ని పట్టి ఉంచే విద్య

గరిడేపల్లి చుట్టుపక్కల దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ డ్రైవర్ కాలు యాక్సిలరేటర్ మీద ఉండదు. స్టీరింగ్ పక్కనున్న చేతి యాక్సిలరేటర్‌ను ఒకచోటికి లాగి వదిలేస్తాడు. కేజ్ వీల్స్ లోతు బురదలోకి దిగగానే ఇంజిన్ కాస్త మూలుగుతుంది, పొగ చిక్కబడుతుంది, మరుక్షణం తనంతట తానే సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు డీజిల్ పంపులో ఉన్న గవర్నర్‌ది. సాగర్ ఎడమ కాలువ కింది ఈ పొలాల్లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల జనరేటర్ల దగ్గర గవర్నర్ మర్మం తెలిసిన మెకానిక్కులకు కొదవ లేదు. వేగంగా పోయే కారుకు ఇంటి దగ్గరే క్రూయిజ్ కంట్రోల్ బిగించుకోవడం కొత్త సరదాగా కనిపించవచ్చు. నా లెక్కలో అది ఈ పాత విద్యకే తరువాతి పాఠం.

గవర్నర్‌లో ఉన్నది రెండు బరువులు, ఒక స్ప్రింగు. ఇరుసుతోపాటు తిరిగే బరువులు వేగం పెరిగితే విచ్చుకుంటాయి, స్ప్రింగు వాటిని లోపలికి లాగుతుంది. ఆ రెంటి పెనుగులాటను బట్టి డీజిల్ ఎక్కువో తక్కువో అందుతుంది. చేతి యాక్సిలరేటర్ లాగడమంటే ఆ స్ప్రింగు బిగువు మార్చడమే. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చినదీ ఇలా విచ్చుకునే బరువుల ఏర్పాటే. అంతకుముందే గాలిమరల్లో ఆ పద్ధతి వాడుకలో ఉంది. దీనికి రెండు బలహీనతలున్నాయి. బరువు పడ్డప్పుడు వేగం కొద్దిగా తగ్గి, ఆ తగ్గిన చోటే నిలబడుతుంది. సెట్టింగ్ తప్పితే ఇంజిన్ ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఊగుతుంది. దాన్నే మెకానిక్కులు హంటింగ్ అంటారు. 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వాలంటే నిమిషానికి 1500 చుట్ల మీద నిలకడగా తిరగాల్సిన జనరేటర్‌కు ఈ రెండూ పెద్ద తలనొప్పి.

ఇక్కడ పట్టి ఉంచేది ఇంజిన్ వేగాన్ని. బండి వేగాన్ని పట్టి ఉంచే క్రూయిజ్ కంట్రోల్‌ను రూపొందించినవాడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజినీరు. ఐదేళ్ల వయసులోనే ఆయనకు చూపు పోయింది. ఆయన లాయరు కారు నడుపుతూ, తాను మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవాడట, ఎదుటివారి మాట వినేటప్పుడు పెంచేవాడట. పక్క సీట్లో కూర్చుని ఆ కుదుపులు భరించిన టీటర్ పరిష్కారం వెతికాడు. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది. స్పీడోమీటర్ ముల్లు చూడలేని మనిషి వేగంలోని హెచ్చుతగ్గులను ఒంటితో పసిగట్టి దానికి యంత్రం కట్టాడంటే, ఆ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్‌కు కేబుల్ లేదు. పెడల్ దగ్గరున్న సెన్సర్ ఎంత తొక్కారో చెబితే, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూ మోటారుతో థ్రాటిల్ తెరుస్తుంది. అంటే థ్రాటిల్ తిప్పే చెయ్యి ముందే ఉంది, కారు వేగం కూడా ఈసీయూకు ముందే తెలుసు. లెక్క కట్టే ప్రోగ్రాం ఒక్కటి ఉంటే చాలు. అడిగిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా ఎంత అని చూడడంతో అది ఆగదు. ఆ తేడా ఎంతసేపటి నుంచి ఉందో కూడబెట్టుకుంటూ పోతుంది. అందుకే ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా పాత గవర్నర్‌లా కొంచెం తక్కువతో సరిపెట్టుకోదు.

చాలా ఫోక్స్‌వాగన్, స్కోడా కార్ల ఈసీయూలో ఆ ప్రోగ్రాం ఫ్యాక్టరీలోనే ఉంటుంది, కింది మోడళ్లకు స్విచ్ మాత్రం ఇవ్వరు. 2004లో మన దేశానికి వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి టర్బో కార్ల అభిమానులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇండికేటర్ లివర్ తీసి, క్రూయిజ్ మీటలున్న లివర్ పెట్టి, వైర్లు లాగి, ల్యాప్‌టాప్‌తో ఆ ప్రోగ్రాంను మేల్కొల్పడమే పని. ఆ తరం కార్లలో చాలావాటికి ఈసీయూలో 11463 అని లాగిన్ ఇస్తే క్రూయిజ్ తెరుచుకుంటుంది.

ఈసీయూలో ఆ ప్రోగ్రాం లేని కార్లకు పెడల్‌కూ ఈసీయూకూ నడుమ దూర్చే కిట్లు దొరుకుతాయి. పెడల్ ఎప్పుడూ రెండు సిగ్నళ్లు పంపుతుంది, ఈసీయూ ఒకదానితో ఒకటి సరిచూసుకుంటుంది. నాసిరకం కిట్ ఆ రెంటినీ సరిగ్గా జత కలపలేకపోతే ఇంజిన్ శక్తి తగ్గించుకుని కుంటి నడక పడుతుంది. టర్బో కారులో, వంద మీద పోతుండగా, అలాంటి పెట్టెను నమ్మమని నేను ఎవరికీ చెప్పను.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాలి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది. పసుపు కనెక్టర్ ఉన్న ప్రతి వైరూ దానిదేననుకుని మర్యాదగా చూడాలి. స్టీరింగ్ కింద చుట్టగా ఉండే వైరును, అంటే క్లాక్ స్ప్రింగ్‌ను, నడిమికి ఉంచి కదలకుండా చూసుకోవాలి, లేకపోతే మలుపులో తెగుతుంది. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు ఇక్కడ వద్దు. క్రింప్ చేయాలి, లేదా టంకం పెట్టి హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. పెడల్స్ దరిదాపుల్లో ఒక్క వైరూ వేలాడకూడదు.

అసలు నేర్పు ఇంకోచోట ఉంది. క్రూయిజ్ కంట్రోల్ వేగాన్ని పట్టుకోవడం తేలిక, వదలాల్సిన క్షణంలో వదలడమే దాని ప్రాణం. బ్రేకు పెడల్ స్విచ్‌లో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి వెనక లైటు వెలిగిస్తుంది, రెండోది ఈసీయూకు విడిగా కబురు పెడుతుంది. రెండూ ఒకే మాట చెప్పకపోతే ఈసీయూ క్రూయిజ్ ఇవ్వదు. బిగించినవన్నీ బాగానే ఉన్నా క్రూయిజ్ పట్టడం లేదంటే, ముందు అనుమానించాల్సింది అరిగిన ఈ చిన్న స్విచ్‌నే. గేర్ల బండిలో క్లచ్ స్విచ్ కూడా అంతే ముఖ్యం. అది పనిచేయకపోతే క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఒక్కసారిగా గర్జిస్తుంది.

కాబట్టి కారు కదిలే ముందే ల్యాప్‌టాప్‌లో చూడాలి: బ్రేకు మీద పాదం ఆనించగానే రెండు కాంటాక్టులూ మారుతున్నాయా, క్లచ్ సంగతేమిటి, లివర్‌పై క్యాన్సిల్ నొక్కితే అందుతోందా అని. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50కి సెట్ చేసి, ఒక్కో దారిలో వదిలించి చూడాలి. పట్టే పరీక్ష ఒకటైతే, వదిలే పరీక్షలు పది ఉండాలి.

ఇంత శ్రమ దేనికంటే, శక్తి ఎక్కువున్న కారుకే ఇది ఎక్కువ అవసరం. చిన్న కారు 100 దాటితే చప్పుడుతో చెబుతుంది. టర్బో కారు 130లోనూ గుట్టుగా ఉంటుంది. నాలుగు వరుసల రహదారిపై కార్ల గరిష్ఠ వేగాన్ని 2018లో కేంద్రం గంటకు 100 కిలోమీటర్లుగా నిర్ణయించింది. బోర్డు అంతకన్నా తక్కువ చెబితే దానికే లోబడాలి. కోదాడ నుంచి సూర్యాపేట వైపు 65వ నంబరు జాతీయ రహదారి తెల్లవారుజామున ఖాళీగా ఉన్నప్పుడు, కాలి కండరం తెలియకుండానే బిగుస్తూ పోతుంది. మీట నొక్కి 90కి కట్టేస్తే ఆ దురద ఉండదు, పెట్రోలూ నిలకడగా ఖర్చవుతుంది.

అయితే ఇది ముందున్న బండిని చూడదు. ఎదురు దారిలో వచ్చే మోటార్ సైకిల్‌ను గానీ, డివైడర్ సందులోంచి దాటే మనిషిని గానీ గుర్తుపట్టదు. వానలో నీటి వల్ల వేగం తగ్గితే ఇంకా తోసి చక్రం జారేలా చేసే ప్రమాదముంది. సంక్రాంతి రద్దీలోనూ, కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర పడుతుండగానూ, రోడ్డు మీద వడ్లు ఆరబోసే ఊరి దారుల్లోనూ మీట ఆఫ్‌లోనే ఉండాలి.

బిగించి వదిలేస్తే సరిపోదు. బ్రేకు స్విచ్ మార్చినా, పెడల్స్ కింద ఎవరు పనిచేసినా, కారు తెచ్చుకున్న రోజే ఆ వదిలే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలి.