బస్సుకు వేరు దారి చాలునా?

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు, గుడివాడ రోడ్లు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని కలియును. అచట విజయవాడ బస్సు ఎక్కిన విద్యార్థి సుమారు 40 కిలోమీటర్లు పోవలెను. గన్నవరము దాటి రామవరప్పాడు చేరువరకు ప్రయాణము సుఖముగనే సాగును. అచటినుండి పండిట్ నెహ్రూ బస్ స్టేషను వరకు పోవుటయే కష్టము.

ఉదాహరణకు, 30 కి.మీ. దూరమును గంటకు 60 కి.మీ. వేగముతో పోయినచో 30 నిమిషములు పట్టును. మిగిలిన 10 కి.మీ. నగరములో 15 కి.మీ. వేగమే దొరకినచో 40 నిమిషములు పట్టును. రహదారిపై వేగమును 75కు పెంచినను కలిసివచ్చునది 6 నిమిషములే. నగరములో 15ను 25 చేసినచో 16 నిమిషములు కలిసివచ్చును. కనుక నగరములో బస్సుకు ప్రత్యేకమార్గము కావలెనన్న ఆలోచనలో తప్పులేదు.

2005లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన పట్టణ నవీకరణ పథకము క్రింద విజయవాడలో ఆ ఆలోచనకు బి.ఆర్.టి.ఎస్. అను పేర రూపము వచ్చినది. సత్యనారాయణపురములో పాత రైలు పట్టాలు తీసిన చోట విశాలమైన రోడ్డు పడినది. నేడు బి.ఆర్.టి.ఎస్. రోడ్డు అనిన ఊరిలో తెలియనివారుండరు. కాని నగరమును కలుపు త్వరిత బస్సు పద్ధతి దానిపై నిలువలేదు. పేరు రోడ్డుకు మిగిలినది.

పై లెక్కలోనే ఒక కారణమున్నది. 10 కి.మీ.లలో 2 కి.మీ.లకే వేగము 15 నుండి 25కు పెరిగినచో కలిసివచ్చునది సుమారు 3 నిమిషములు. తరువాతి కూడలిలో ఎఱ్ఱదీపము దానిని మింగివేయును. ముక్కలుగా వేసిన దారి వలన ఫలము స్వల్పము.

ఆగుచోట్ల జరుగు ఆలస్యమును చాలమంది గమనింపరు. ఒకే తలుపున 30 మంది మనిషికి 3 సెకనుల చొప్పున ఎక్కినచో 90 సెకనులగును. టిక్కెట్టు ముందే తీసికొని, వేదిక ఎత్తుననే బస్సు నేల ఉండి, మూడు తలుపులు తెరచినచో, మనిషికి ఒక సెకను చొప్పున, 10 సెకనులు చాలును. పది స్టాపులకు తేడా 13 నిమిషములు దాటును! బ్రెజిల్‌లోని కురిటిబా 1974లో బస్సులకు వేరు దారులు వేసి, 1991లో గొట్టములవంటి స్టేషనులు కట్టినది ఇందుకే. 2009లో అహమ్మదాబాదు ఈ పద్ధతినే అనుసరించినది. మొరాకోలోని కాసాబ్లాంకాలో 2024లో ఆరంభమైన రెండు బస్సు మార్గములు ట్రాములతో జతపడి నడుచుచున్నవి.

ఢిల్లీలో 2008లో తెరచిన మార్గమును మాత్రము 2016లో తొలగించిరి. బస్సుల దారి ఖాళీగా కనబడుచుండగా తాము ప్రక్కన నిలువవలసి వచ్చెనని కార్లవారి ఫిర్యాదు. ఇచట కన్ను మోసపోవును. 60 మందితో నిమిషమునకొక బస్సు పోయినచో గంటకు 3,600 మంది దాటుదురు, అయినను దారి ఖాళీగనే తోచును. అయితే పది నిమిషములకొక బస్సే వచ్చినచో ఆ సంఖ్య 360కి దిగును. అప్పుడు ఫిర్యాదు న్యాయమే. సిమెంటు, కంకరలకు సొమ్ము కేటాయించి, బస్సులకు, డ్రైవర్లకు చాలినంత కేటాయింపని ఏ ప్రణాళికయైనను ఈ ఫిర్యాదును తానే కొనితెచ్చుకొనును.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఏదైనను ఒక కూడలివద్ద గంటసేపు బస్సులలో ఎందరు, కార్లలో ఎందరు, మోటారు సైకిళ్లపై ఎందరు పోవుదురో లెక్కించి, ఆ మూడు అంకెలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూడవచ్చును. ఉపాధ్యాయుడు వెంట ఉండవలెను, అందరును కాలిబాటపైననే నిలువవలెను.